సెండ్‌మెయిల్ స్టార్ట్ చేస్తే పోస్ట్‌ఫిక్స్ ఆగిపోతోంది, రెండూ ఒకే సర్వర్‌లో నడవాలి

కూకట్‌పల్లిలో మా ఆఫీసు సర్వర్ ఇది, ఆల్మాలినక్స్ 9 (ఒక రకం లినక్స్). సెండ్‌మెయిల్, పోస్ట్‌ఫిక్స్ రెండూ మెయిల్ పంపే, అందుకునే ప్రోగ్రామ్‌లే. బయటి మెయిల్ అంతా పోస్ట్‌ఫిక్స్ చూసుకుంటుంది, 25 పోర్టు మీద. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటి మాత్రం సెండ్‌మెయిల్ ఉంటేనే పనిచేస్తుంది (ఎందుకలా చేశారో రాసినవాళ్లకే తెలియాలి), దాన్ని ఇప్పట్లో తీసేయలేం.

మొదట పోర్టు గొడవే అనుకుని, సెండ్‌మెయిల్ ఎంసీ ఫైల్‌లో (దాని సెట్టింగ్స్ ఫైల్) డీమన్ ఆప్షన్స్ మార్చి 127.0.0.1 (ఈ సర్వర్ లోపలికే పరిమితమైన అడ్రస్), పోర్టు 2525 ఇచ్చి, ఆ మార్పు అమలయ్యేలా మేక్ కొట్టి, దాన్నొక్కదాన్నే నడిపి ఏ పోర్టు మీద ఏముందో చూపే ఎస్‌ఎస్ కమాండ్‌తో చూశా, 2525 మీదే ఉంది. ఆల్టర్నేటివ్స్‌లో (డిఫాల్ట్ ప్రోగ్రామ్ ఏదో ఎంచుకునే సెట్టింగ్) ఎంటీఏ, అంటే మెయిల్ ప్రోగ్రామ్, పోస్ట్‌ఫిక్స్‌కే ఉంది. అయినా సెండ్‌మెయిల్ స్టార్ట్ చేయగానే పోస్ట్‌ఫిక్స్ ఆగిపోతుంది, దాన్ని లేపితే ఇది పడుకుంటుంది. ఒక ఒరలో రెండు కత్తుల్లా తయారయ్యాయి! లాగ్‌లో 'అడ్రస్ ఆల్‌రెడీ ఇన్ యూజ్' కూడా లేదు, 'టర్మినేటింగ్ ఆన్ సిగ్నల్ 15' (ఆగిపొమ్మని వచ్చిన సిగ్నల్) అని మాత్రమే వస్తోంది.

తర్వాత తెలిసింది, సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలో ఒక్కో సర్వీసుకి ఉండే యూనిట్ ఫైల్‌లోనే 'కాన్‌ఫ్లిక్ట్స్' అని ఒకదానికి ఇంకొకటి పడదని రాసి ఉంది. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో రెండు యూనిట్లకీ ఖాళీ కాన్‌ఫ్లిక్ట్స్ లైన్ పెట్టా, డీమన్ రీలోడ్ చేశా, సర్వర్ రీబూట్ కూడా చేశా. సిస్టమ్‌సీటీఎల్ షోలో మాత్రం పాత పేర్లు అలాగే కనిపిస్తున్నాయి.

ప్యాకేజీ అప్‌డేట్ అయినా మళ్లీ తిరిగి రాకుండా ఈ కాన్‌ఫ్లిక్ట్స్ లైన్‌ని తీసేయాలంటే యూనిట్ ఫైల్ మొత్తాన్ని ఈటీసీ ఫోల్డర్ కింద కాపీ చేసి మార్చాల్సిందేనా, లేక డ్రాప్‌ఇన్‌తోనే (అసలు ఫైల్ ముట్టకుండా, సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో పెట్టే చిన్న అదనపు ఫైల్) అయ్యే పద్ధతి ఉందా?