ఆరు నెలలు నిండిన పాపకు ఇంటి తిండి: ఎంత చిక్కగా ఉండాలి, ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది?

గోరింట:
పాపకు ఆరు నెలలు నిండాయి, బరువు 7 కిలోలు. ఆనిస్తే కూర్చుంటోంది, మెడ నిలిచింది. నాలుగు రోజులుగా తల్లిపాలతో పాటు తిండి మొదలుపెట్టాం. జావ పలచగా కాస్తే సులువుగా మింగుతోంది కానీ గంట తిరక్కుండానే మళ్లీ పాలకు ఏడుస్తోంది. చిక్కగా చేస్తే నాలుకతో బయటికి నెట్టేస్తోంది. ఏది సరైనది? ఉడికిన బంగాళదుంపను మిక్సీలో వేస్తే జిగురులా సాగుతోంది, ఎందుకలా? ఒకేసారి వండి ఫ్రీజర్‌లో పెడితే ఎన్నాళ్లు వాడొచ్చు, అన్నానికీ అదే లెక్కా? గుడ్డు, వేరుశనగ ఏడాది దాకా వద్దని కొందరు, ఇప్పుడే పెట్టమని కొందరు అంటున్నారు. కొలతలతో చెప్పగలరా?

చిరుగంట:
ముందు పలచన సంగతి తేల్చుకుందాం అండీ. ఇంటి తిండిలో ఎక్కువగా జరిగే పొరపాటు అదే.

పసిపిల్లల పొట్టలో ఒక విడతకు పట్టేది కిలో బరువుకు సుమారు 30 మిల్లీలీటర్లు. మీ పాపకైతే 210. ఆ కాస్త చోటునూ నీళ్లతో నింపేస్తే పొట్ట నిండుతుంది, ఒంటికి సత్తువ చేరదు. తల్లిపాలు తాగే బిడ్డకు 6–8 నెలల్లో ఈ తిండి నుంచి రోజుకు దాదాపు 200 కిలోకేలరీలు, 9–11 నెలల్లో 300, ఏడాది దాటాక 550 అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పలచటి జావలో గ్రాముకు 0.4 రావడమే కష్టం. కనీసం 0.8 ఉండేలా చూసుకోవాలి.

ఒక విడత వంట ఇలా చేసి చూడండి. బియ్యం 30 గ్రాములు, పొట్టు తీసిన పప్పు 15 గ్రాములు, సన్నగా తరిగిన క్యారెట్ 30 గ్రాములు. బియ్యం, పప్పు అరగంట నాననిచ్చి ఆ నీళ్లు పారబోసి, కొత్తగా 250 మిల్లీలీటర్లు పోసి మెతుకు చితికేదాకా ఉడికించండి. గిన్నెలో మిగిలింది 220–230 గ్రాములు తూగాలి. ఎక్కువ తూగితే మూత తీసి ఇంకాస్త దగ్గరకు రానివ్వండి. దించాక 1 టీస్పూన్ నూనె గానీ కరిగిన వెన్న గానీ కలపండి. మొత్తం 210 కిలోకేలరీల చుట్టూ వస్తుంది, అంటే గ్రాముకు 0.9. అందులో 45 ఆ ఒక్క చెంచా నూనెవే. అదే సరుకును 400 గ్రాముల జావగా సాగదీస్తే గ్రాముకు సగమే దక్కుతుంది. ఇదంతా ఒక పూటకు కాదు, రోజంతటికీ. ఇప్పుడు పూటకు 2–3 పెద్ద చెంచాలు చాలు, 8 నెలలకు అరకప్పు దాకా పెరుగుతుంది.

చిక్కదనం కొలవడానికి చెంచాయే చాలు. నిండా తీసి పక్కకు వంచండి. ధారగా కారితే పలచన. వంచినా నిలబడి, విదిలిస్తే ముద్దగా జారితే సరిగ్గా ఉన్నట్టు. బోర్లించి కొట్టినా వదలకపోతే ఈ వయసుకు గట్టి.

నాలుకతో నెట్టడమంటే వద్దనడం కాదు. ఇన్నాళ్లూ పాలు చప్పరించిన నాలుకకు ముందుకు కదలడమే తెలుసు. ముద్దను వెనక్కి తిప్పుకోవడం కొన్నాళ్లలో పట్టుబడుతుంది. లోతు లేని చిన్న చెంచా కొసన పావు వంతు తీసుకుని కింది పెదవి మీద ఆనించి ఆగండి. తనే పెదవులు మూసి లాక్కోవాలి. పై పెదవికి గీకి నోట్లో వదిలేస్తే ఆ పని ఎప్పటికీ నేర్చుకోదు.

చిక్కటిది బొత్తిగా మింగలేకపోతే నీళ్లు కలపకుండా పలచబరిచే దారి ఒకటుంది: మొలకల పిండి. గోధుమలో బార్లీయో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో కట్టి రెండు రోజులు మొలకెత్తించి, బాగా ఎండబెట్టి, మొలకలను రుద్ది తీసేసి పిండి పట్టాలి. వేయించకూడదు, జావను పలచబరిచే ఎంజైమ్ ఆ వేడికి చచ్చిపోతుంది. చిక్కటి జావను పొయ్యి మీంచి దించి, ఉడుకు తగ్గాక, 200 గ్రాములకు అర టీస్పూన్ పిండి కలిపి పది నిమిషాలు ఉంచండి. కళ్లముందే జారుగా మారుతుంది, కేలరీలు మాత్రం అలాగే ఉంటాయి. తర్వాత తప్పకుండా మళ్లీ తెర్లనివ్వాలి, ఎందుకంటే మొలకెత్తే తడిలో బాక్టీరియా కూడా పెరుగుతుంది. జొన్నలతో ఈ పని వద్దు, వాటి మొలకల్లో సైనైడ్ పుట్టించే పదార్థం ఉంటుంది.

మెత్తనిముద్ద:
బంగాళదుంప కణాల్లో ఉడికి ఉబ్బిన పిండి ఉంటుంది. మిక్సీ బ్లేడు ఆ కణాలను కోసేస్తే పిండంతా బయటపడి జిగురవుతుంది. ఆ తర్వాత నీళ్లు పోసినా, పాలు పోసినా జిగురు విరగదు. దుంపను 2 సెంటీమీటర్ల ముక్కలు కోసి ఉడికించి, నీళ్లు వంపేసి, అదే వేడి గిన్నెలో ఒక నిమిషం చెమ్మ ఆరనివ్వండి. వేడి మీదే జల్లెడలో వేసి చెంచా వెనకవైపుతో రుద్దండి. కింద సన్నటి పొడిముద్దలా రాలుతుంది. 100 గ్రాములకు 40–50 మిల్లీలీటర్ల గోరువెచ్చటి తల్లిపాలు కలిపితే నున్నగా వస్తుంది. చిలగడదుంప, గుమ్మడి, క్యారెట్ మిక్సీలో వేసినా ఫర్వాలేదు.

ఆవిరి మీద వండేటప్పుడు సెంటీమీటరు క్యారెట్ ముక్కలకు 12–15 నిమిషాలు, యాపిల్‌కు 8–10, బఠాణీకి 6–8 పడుతుంది. గడియారం కన్నా చెంచా అంచును నమ్మండి: నొక్కగానే ముక్క తెగిపోవాలి. బఠాణీ తొక్కు మిక్సీలో ఎంత తిప్పినా పొరలుగా మిగిలి అంగిలికి అతుక్కుంటుంది, జల్లెడ పట్టడం తప్పదు. ఆవిరి గిన్నె అడుగున మిగిలిన నీళ్లతోనే గుజ్జు జారు చేయండి, కూరగాయ రుచీ సారమూ కొంత అందులోకే దిగుతాయి.

మాంసం ఇసుకలా తగులుతోందని చాలామంది మానేస్తారు. అది మిక్సీలో వేసే వరుస తప్పడం వల్లే. ఉడికిన మాంసాన్ని పూర్తిగా చల్లార్చి, పీచుకు అడ్డంగా చిన్న ముక్కలు కోసి, ముందు పొడిగానే తిప్పండి. రవ్వలా అయ్యాక ఉడికిన నీళ్లు ఒక్కో చెంచా పోస్తూ తిప్పాలి. మొదటే నీళ్లు పోస్తే ముక్కలు తేలుతూ తిరుగుతాయి, నలగవు. చిన్న జారైనా కనీసం బ్లేడు మునిగేంత సరుకు ఉండాలి. వేడివేడిది మూత బిగించి తిప్పితే ఆవిరికి మూత ఎగిరి చేతులు కాలతాయి, జాగ్రత్త.

ఈ నునుపు కొద్ది వారాలకే. ఏడో నెలలో జల్లెడ మానేసి చెంచాతో మెదపండి, ఎనిమిదో నెలకు మెత్తటి పలుకులు తగలాలి. పలుకులు మొదలుపెట్టడం 9–10 నెలలు దాటిపోతే ఆ తర్వాత నమలడానికి మొండికేసే అవకాశం ఎక్కువ.

నీటిచుక్క:
నిల్వ సంగతి చెబుతాను. ఇందులో అన్నమే అన్నిటికన్నా నమ్మరానిది. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలిచి విషం వదులుతాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. కాబట్టి "పొద్దుట వండింది, రాత్రి మరిగించాం కదా" అనే లెక్క చెల్లదు.

చేయాల్సింది త్వరగా చల్లార్చడం. వండిన గిన్నెను అలాగే పెడితే నడిమధ్య చాలాసేపు వెచ్చగా ఉండిపోతుంది. వెడల్పాటి పళ్లెంలో 2–3 సెంటీమీటర్ల మందాన పరిచి, ఆ పళ్లెం అడుగు ఐసు నీళ్లలో ఆనిస్తే అరగంటలోపే చల్లారుతుంది. గంటలోగా ఫ్రిజ్‌లోకి వెళ్లిపోవాలి. ఫ్రిజ్ 4 డిగ్రీలకు మించకూడదు. అన్నం, మాంసం, గుడ్డు కలిసినవి 24 గంటలు. పండ్లు, కూరగాయల గుజ్జు 48 గంటలు. పాలకూర గుజ్జును మాత్రం నిల్వ పెట్టకండి, ఏ పూటది ఆ పూటే. అందులోని నైట్రేట్‌ను బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, అది పసిపిల్లల రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని దెబ్బతీస్తుంది.

ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే గుజ్జులు రెండు నెలలు వాడుకోవచ్చు. మూతున్న ఐసు ట్రేలో గడికి రెండు పెద్ద చెంచాలు (30 మిల్లీలీటర్లు) పోసి, గట్టిపడ్డాక సంచిలోకి మార్చి, గాలి పిండేసి, తేదీ రాయండి. కరిగించడం రాత్రంతా ఫ్రిజ్‌లోనే, గట్టు మీద కాదు. తర్వాత అంతటా పొగలు కక్కేలా 74 డిగ్రీలకు వేడి చేసి, కలిపి, చల్లార్చి పెట్టాలి. మైక్రోవేవ్‌లో అయితే ఒకచోట చల్లగా ఉన్నా ఇంకోచోట నోరు కాలేంత వేడి ఉంటుంది, కలపకుండా చెంచా ముంచొద్దు. ఒకసారి వేడి చేసింది మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లకూడదు.

పిండి ఎక్కువున్నవి కరిగాక నీళ్లు విడిచి రవ్వలా కనిపిస్తాయి. పాడైనట్టు కాదు, గడ్డకట్టేటప్పుడు పిండి నీళ్లను బయటికి నెట్టేస్తుంది. వేడి చేసి గిలక్కొడితే కలిసిపోతుంది. చిరుగంట గారు చెప్పిన నూనెను ఆ వేడి చేసేటప్పుడే కలపండి, ముందే కలిపి నెలల తరబడి ఉంచితే ముక్క వాసన వస్తుంది.

గోరింట:
చాలా సంతోషం. ఇంకొకటి. గిన్నెలో చిక్కగానే ఉన్నది తినిపించేసరికి అడుగున నీళ్లలా అవుతోంది. ఉడకడంలో తేడానా?

చిరుగంట:
ఉడకడంలో తేడా లేదండీ. నోట్లో పెట్టిన చెంచాతో లాలాజలం గిన్నెలోకి వస్తుంది. అందులోని అమైలేజ్ అనే ఎంజైమ్, మొలకల పిండి చేసే పనే చేస్తోంది. పావుగంటలో అరకప్పు గుజ్జును కరిగించేస్తుంది. అదే చెంచాతో నోటి బాక్టీరియా కూడా వస్తుంది కనుక మిగిలింది దాచకూడదు. రెండు గిన్నెలు పెట్టుకోండి: ఒకటి వడ్డించేది, ఇంకొకటి తినిపించేది. శుభ్రమైన చెంచాతో కొంచెం కొంచెం మార్చుకుంటే వడ్డించే గిన్నె చెడదు.

గుడ్డు, వేరుశనగ ఏడాది దాకా ఆపమనేది పాత మాట. లండన్‌లో జరిగి 2015లో వెలువడిన పరిశీలనలో, ఎలర్జీ ముప్పున్న 640 మంది పిల్లల్లో సగం మందికి 4–11 నెలల మధ్యే వేరుశనగ మొదలుపెట్టి ఐదేళ్లదాకా పెట్టారు. మానిపించిన వారితో పోలిస్తే వాళ్లలో వేరుశనగ ఎలర్జీ 80 శాతానికి పైగా తగ్గింది. పాపకు తీవ్రమైన ఎగ్జిమా (చర్మం ఎర్రబడి దురదపెట్టే జబ్బు) ఉన్నా, ఇప్పటికే గుడ్డు పడకపోయినా ముందు డాక్టర్‌ను అడగాలి. లేకపోతే ఇంట్లోనే మొదలుపెట్టొచ్చు. ఉప్పు, చక్కెర లేని నున్నటి వేరుశనగ ముద్ద 2 టీస్పూన్లు, వేడినీళ్లు 2–3 టీస్పూన్లు కలిపి చల్లార్చండి. చెంచా కొసకు అంటినంత పెట్టి పది నిమిషాలు చూడండి. బాగుంటే మిగతాది నెమ్మదిగా. గుడ్డు 12 నిమిషాలు ఉడికించి, తెల్లసొన, పచ్చసొన కలిపి మెదిపి, పావు టీస్పూన్‌తో మొదలు. రెండూ ఒకే రోజు వద్దు, రెండు మూడు రోజుల ఎడం ఉండాలి. ఒంట్లో బాగున్న రోజు, పొద్దుటిపూట పెడితే రెండు గంటలు కనిపెట్టుకుని ఉండొచ్చు. గోధుమ కూడా ఈ కోవలోదే, మొలకల పిండి వాడేముందు దాన్నీ విడిగా పరీక్షించండి. పెదవులు వాచినా, దద్దుర్లు లేచినా, వాంతులు ఆగకపోయినా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే ఆసుపత్రికి. పడితే అక్కడితో ఆపకుండా వారానికి రెండు మూడుసార్లు పెడుతూ ఉండాలి.

ఇనుము మరిచిపోవద్దు. పుట్టుకతో తెచ్చుకున్న నిల్వ ఆరో నెలకల్లా అడుగంటుతుంది, లీటరు తల్లిపాలలో అర మిల్లీగ్రాము కూడా ఉండదు. 7–12 నెలల్లో రోజుకు 11 మిల్లీగ్రాములు కావాలని అమెరికా ప్రమాణం. పైన రాసిన 15 గ్రాముల పప్పుతో వచ్చేది ఒక మిల్లీగ్రాము. అందుకే మాంసం, గుడ్డు వీలైనంత తొందరగా చేర్చమంటాను. తినని ఇళ్లలో పప్పు పెంచి, అదే పూట పుల్లటి పండు గుజ్జు రెండు చెంచాలు పెట్టండి, సి విటమిన్ ఉంటే ఇనుము బాగా ఒంటపడుతుంది. నెల తక్కువగా పుట్టిన బిడ్డకైతే ఇనుము చుక్కల గురించి డాక్టర్‌తోనే మాట్లాడాలి.

తేనె ఏడాది నిండేదాకా చుక్క కూడా వద్దు. అందులో ఉండగల బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు బీజాలు వంట వేడికి చావవు. ఉప్పు, చక్కెర కలపనక్కర్లేదు. ఆవుపాలు వంటలో కొద్దిగా వాడొచ్చు గానీ, ఏడాదిలోపు తల్లిపాలకు బదులుగా తాగించకూడదు.

గోరింట:
పలుకులు మొదలుపెడితే గొంతుకు అడ్డం పడదా?

మెత్తనిముద్ద:
ఓకరింపు వేరు, అడ్డం పడడం వేరు. ఓకరించేటప్పుడు శబ్దం వస్తుంది, దగ్గుతుంది, ముఖం ఎర్రబడుతుంది, ముద్ద ముందుకొస్తుంది. అప్పుడు నోట్లో వేలు పెట్టకండి, లోపలికి నెట్టేస్తారు. శబ్దం రాకుండా, దగ్గలేక, పెదవులు నీలంగా మారితే అది అడ్డం పడడం. ఏడాదిలోపు బిడ్డనైతే ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పట్టుకుని, భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు వేయాలి. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద అరచేతి మడమతో ఐదు నొక్కులు. పక్కనున్నవాళ్లు అంబులెన్సుకు ఫోన్ చేయాలి. ఒక్కసారి శిక్షణ తీసుకుని బొమ్మ మీద చేసి చూసుకోండి, చదవడంతో చేతికి రాదు.

పచ్చి క్యారెట్, పచ్చి యాపిల్ ముక్క, గింజలు ఇప్పుడు వద్దే వద్దు. మెత్తటి ముక్క అంటే మీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే నలిగిపోవాలి. ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయండి. అడ్డంగా కోస్తే గుండ్రటి బిళ్లలు వస్తాయి, సరిగ్గా గొంతుకు మూతలా పడతాయి.