ఏడు రాత్రుల తీరయాత్ర: ఒకే చోట మకామా, మారుతూ పోవడమా? (తీరరేఖ, మైలురాయి, పోటుపాటు, సాగరిక అనే కలంపేర్లతో నలుగురి చర్చ)

తీరరేఖ:
చర్చకు వీలుగా ఒక తీరాన్ని ఊహించుకుందాం. పొడవు 120 కిలోమీటర్లు. కొండచరియలు, వాటి సందుల్లో చిన్న చిన్న ఇసుకతీరాలు, నడుమ ఒక నదీముఖం. ఏడు రాత్రులు, ఒక కారు, నలుగురు మనుషులు. వాళ్లలో ఒకరు పెద్దవయసు వారు, ఒకరు ఈత రాని పిల్లవాడు. మధ్యలో ఒకే బస తీసుకుని రోజూ వెళ్లి రావాలా, లేక ఈ కొస నుంచి ఆ కొసకు మకాం మారుస్తూ పోవాలా?

మారుతూ పోవడమే మేలని నా వాదన. నడిమధ్యన దిగితే ఒక్కో కొస 60 కిలోమీటర్లు, రానూపోనూ 120. మలుపులు, ఊళ్లు, ఇరుకు వంతెనలు ఉన్న తీరపు రోడ్డు మీద గంటకు 35 కిలోమీటర్ల సగటు దాటడం కష్టం. అంటే కొసకు వెళ్లొచ్చిన రోజున దాదాపు మూడున్నర గంటలు కారులోనే పోతాయి, అందులో సగం చూసిన దారే. పైగా తెల్లవారుజామున, సూర్యాస్తమయం వేళ తీరం మీద ఉండాలంటే దాని దగ్గరే పడుకోవాలి.

మైలురాయి:
తీరరేఖ గారూ, కారులో పోయే గంటలు లెక్కపెట్టారు, మకాం మార్చడానికి పట్టే గంటలు వదిలేశారు. చాలా బసల్లో గది ఖాళీ చేయాల్సింది ఉదయం 10, 11 మధ్య. కొత్త గది ఇచ్చేది మధ్యాహ్నం 2, 3 మధ్య. ఆ మూడు నుంచి ఐదు గంటలు సామానంతా కారులోనే ఉంటుంది. తీరపు వ్యూపాయింట్ల దగ్గర కారు అద్దాలు పగలగొట్టే దొంగలు వెతికేది సరిగ్గా అలాంటి కార్లనే. డిక్కీ మూత పడకపోయినా, వెనక సీటు మీద బ్యాగు కనబడినా ఆ పూట నడక మానుకోవాల్సిందే. తడిసిన ఈత బట్టలు, తువ్వాళ్లు ఆరే సమయం కూడా ఉండదు. సంచీలో మూటగట్టి తీసుకెళ్తే మర్నాటికి ముక్కవాసన.

ఇంకా పెద్ద చిక్కు వాన. రోజుకో మకాం ఉన్నప్పుడు మూడో రోజు ముసురు పడితే మూడో రోజు తీరం మీ చేయి జారినట్టే, నాలుగో రోజు మీరు ఇంకెక్కడో ఉంటారు. ఒకే మకాం అయితే రోజులను అటూ ఇటూ మార్చుకోవచ్చు. పెద్దవారికి రోజుకో కొత్త మంచం, కొత్త మెట్లు, కొత్త స్నానాలగది ఎంత శ్రమో కూడా చూడాలి.

పోటుపాటు:
ఇద్దరూ కిలోమీటర్ల లెక్కలోనే ఉన్నారు. చరియల మధ్య ఉన్న చిన్న తీరాల విషయంలో అసలు నిర్ణయం చేసేది నీటిమట్టం. పోటు మీదున్నప్పుడు అక్కడ ఇసుకే ఉండదు, కెరటం నేరుగా రాతికి కొడుతుంది. ఆటు సమయానికి, అంటే నీరు బాగా దిగిపోయిన వేళకు, వెళ్లకపోతే ఎంత దగ్గర్లో పడుకున్నా లాభం లేదు.

ముందు ఆ తీరంలో ఆటుపోట్ల తేడా ఎంతో చూడండి. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల కొన్ని పదుల సెంటీమీటర్లే, కాబట్టి అక్కడ ఈ గొడవ లేదు. కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్ల వరకూ పోతుంది. తేడా రెండు మీటర్లు దాటిందంటే ఆటుపోట్ల వేళల పట్టిక చేతిలో లేకుండా తేదీలు ఖాయం చేయకూడదు.

రోజుకు రెండు పోట్లు వచ్చే తీరాల్లో ఒక ఆటుకూ తర్వాతి ఆటుకూ సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అందుకే ఆటు రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్య, పౌర్ణమి వెళ్లిన ఒకటి రెండు రోజులకు నీరు బాగా పైకి వస్తుంది, బాగా కిందికీ పోతుంది. అష్టమి ప్రాంతంలో ఆ తేడా తగ్గిపోతుంది. చాలామంది గమనించని సంగతి ఒకటుంది: అలాంటి తీరాల్లో ఏ చోటికైనా అమావాస్య, పౌర్ణమి రోజుల ఈ పెద్ద ఆటు ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే వేళకు వస్తుంది. పౌర్ణమికి ఆటు మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చే చోట అమావాస్యకూ దాదాపు అంతే, అష్టమికి మాత్రం ఉదయం ఆరు, సాయంత్రం ఆరున్నర దరిదాపులకు వెళ్తుంది. కాబట్టి ఆ తీరంలో చరియల కింద నడవాలనుకునేవారు పౌర్ణమి లేదా అమావాస్య వారాన్ని ఎంచుకోవాలి. పెద్ద ఆటు తెల్లవారుజామున, సాయంత్రం పడే తీరమైతే మధ్యాహ్నం నడకకు అష్టమి వారమే నయం. ఇసుక తక్కువగా బయటపడినా పగటి వెలుగు దొరుకుతుంది.

ఇప్పుడు మకాం సంగతి. తీరం పొడవునా ఆటు ఒకే నిమిషానికి రాదు. నదీముఖం లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా ఆలస్యం. పట్టిక ఇచ్చేది దగ్గరి రేవు సమయం, దాన్ని మీరు వెళ్లే చోటికి సవరించుకోవాలి. వేసవిలో గడియారం ఒక గంట ముందుకు జరిపే దేశాల్లో పట్టిక ఏ సమయంలో అచ్చయిందో కూడా చూసుకోవాలి, ఆ ఒక్క గంట తేడాతో మనుషులు చరియ కింద చిక్కుకుంటారు. రోజుకో ఊరు పద్ధతిలో మీరు చేరే వేళ గది తాళం మీద ఆధారపడుతుంది, ఆటు మీద కాదు. అందుకే నా ఓటు మైలురాయి గారి వైపు.

తీరరేఖ:
ఆటు మాట ఒప్పుకుంటాను. అయినా అది ఒకే మకాముకు పూర్తి సమర్థన కాదు. ఆటు ఉదయం ఏడింటికి ఉంటే, 60 కిలోమీటర్ల దూరంలో పడుకున్నవారు ఐదింటికే లేచి బయల్దేరాలి. పిల్లవాడితో, పెద్దవారితో అది సాగదు. చరియకు దగ్గరగా ఉన్నవారు ఆరున్నరకు లేచినా చాలు.

గాలి కూడా ఇదే చెబుతుంది. ఎండ ముదిరి నేల వేడెక్కాక సముద్రపు గాలి మొదలై, మధ్యాహ్నం రెండు మూడు గంటలకు జోరందుకుని, పొద్దుగూకే వేళకు తగ్గుతుంది. పడవ ప్రయాణానికీ, గొడుగు పాతుకుని కూర్చోవడానికీ ఉదయమే బాగుంటుంది. తూర్పు తీరమైతే ఉదయం నీటి మీద తళుకు కళ్లలో పడుతుంది, మధ్యాహ్నం దాటాక సూర్యుడు వీపు వైపుకు వస్తే నీటి రంగు కనబడుతుంది. పడమటి తీరంలో ఇది తిరగబడుతుంది. ఏ వేళకు ఎక్కడుండాలో తెలిసినవారికి అక్కడే పడుకోవడం ఎంత కలిసొస్తుందో చెప్పనక్కర్లేదు.

సాగరిక:
ఈత రాని పిల్లవాడు ఉన్నాడని మొదటి మాటలోనే ఉంది. తర్వాత అందరూ మర్చిపోయారు. నాకు ముందు కావలసింది లైఫ్‌గార్డు ఉన్న, వాలు తక్కువైన ఒక ఇసుకతీరం, దానికి నడిచి వెళ్లేంత దూరంలో బస. ఎరుపు పసుపు జెండాల మధ్యే నీళ్లలోకి దిగాలి. లైఫ్‌గార్డులు ఏ నెలల్లో, ఏ గంటల్లో ఉంటారో తేదీలు ఖాయం చేసేముందే కనుక్కోవాలి.

రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే నీటి పాయ) ఉన్నచోట నీరు ప్రశాంతంగా కనిపించడమే ప్రమాదం. రెండు పక్కలా కెరటాలు విరుగుతుంటే మధ్యలో విరగని పాయ కనబడుతుంది, దిగడానికి అదే బాగుందనుకుంటారు. లోపలికి లాగేది అక్కడే. వేగం సెకనుకు రెండు మీటర్లు దాటిన సందర్భాలున్నాయి, దానికి ఎదురీదడం ఎవరి వల్లా కాదు. చిక్కుకుంటే తేలుతూ చేయి ఎత్తాలి, ఈదగలిగితే ఒడ్డుకు సమాంతరంగా ఈది పాయ దాటాక ఒడ్డుకు తిరగాలి. నీరు వెనక్కి తీసే వేళ నదీముఖంలో ఎవరూ దిగకూడదు, పెద్దవాళ్లతో సహా.

రోజుకో కొత్త తీరమంటే రోజూ తెలియని పాయలు. అదే తీరాన్ని వరసగా చూస్తే, లైఫ్‌గార్డును రెండు మాటలు అడిగితే, ఇసుకతిన్నె ఎక్కడుందో, గుంట ఎక్కడుందో తెలుస్తుంది.

మైలురాయి:
సాగరిక గారి మాట విన్నాక నా లెక్క కొంచెం సవరిస్తాను. ఒకటీ కాదు, ఐదూ కాదు, రెండు మకాములు. 120 కిలోమీటర్లను రెండు సగాలు చేసి ఒక్కో సగం నడుమ దిగితే అతి దూరపు చోటు 30 కిలోమీటర్లే. రానూపోనూ రెండు గంటల లోపు. మకాం మార్చేది ఒక్కసారే. మూడో మకాం కలిపితే ఆ దూరం 20 అవుతుంది, తగ్గేది పదే కిలోమీటర్లు. దానికోసం ఇంకో అరపూట పోగొట్టుకోవడం నాకు నచ్చదు.

అయితే సగాన్ని పటం మీద స్కేలుతో కొలిచి విడదీయకండి. నదీముఖం దగ్గర విడదీయండి. అవతలి ఒడ్డు కంటికి కనిపిస్తున్నా వంతెన చాలా లోపల ఉండొచ్చు, చుట్టు తిరిగే దారి ఒక పూటంతా తినేస్తుంది. నదికి ఈవల ఒక మకాం, ఆవల ఒకటి పెట్టుకుంటే ఆ దారి ఒక్కసారే దాటుతారు, అదీ గది మారే రోజున, ఎలాగూ ఖాళీగా ఉండే ఆ గంటల్లోనే. పడవ మీద కారు దాటించే చోటైతే ఆఖరి పడవ ఎన్నింటికో, గాలి ముదిరితే ఆపేస్తారో ముందే అడగండి.

ఇంకొకటి. ఎడమవైపు నడిపే దేశాల్లో సముద్రం ఎడమచేతి వైపు ఉండేలా ఏ కొస నుంచి బయల్దేరాలో చూసుకోండి. కుడివైపు నడిపేచోట కుడిచేతి వైపు. ఆగే చోట్లన్నీ మీ పక్కనే వస్తాయి, ఎదురు వాహనాలకు అడ్డంగా మలుపులో తిప్పే పని ఉండదు.

పోటుపాటు:
రెండు మకాములకు నేనూ సరే. చరియల కింద నడక ఉన్న సగానికి పెద్ద ఆటు రోజులు పడేలా వరస పెట్టండి. నడకకు ఆటుకు రెండు గంటల ముందు దిగి, నీరు అడుగంటే వేళకు వెనక్కి తిరగాలి. నీరు ఎక్కేటప్పుడు ఒకే వేగంతో ఎక్కదు. ఆరు గంటల్లో ఎక్కే మొత్తాన్ని పన్నెండు భాగాలు చేస్తే గంటగంటకూ సుమారు ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒకటి భాగాలు. ఆరు మీటర్ల తేడా ఉన్నచోట మొదటి గంటలో అర మీటరే, మూడో గంటలో మీటరున్నర. మొదటి గంట చూసి ఇంకా సమయముందని అనుకున్నవారే చిక్కుకునేది. పైగా ఇసుకతిన్నె ఎత్తుగా ఉంటే నీరు ముందు దాని వెనక, ఒడ్డు వైపు గుంటలో నిండుతుంది. కాళ్ల కింద పొడిగానే ఉంటుంది, తిరిగొచ్చే దారి మాత్రం మూసుకుపోతుంది.

వాయుపీడనం ఒక హెక్టాపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) పడితే మట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది, దానికి ఒడ్డుకు కొట్టే గాలి తోడైతే ఇంకా. కాబట్టి తుపాను వాతావరణంలో పట్టికలోని అంకెను నమ్మి చరియ కిందికి దిగకండి. వాన వెలిసిన మర్నాడు చరియ అంచున నిలబడటం, దాని మొదట్లో చాప పరచడం రెండూ వద్దు, రాళ్లు రాలేది అప్పుడే.

తీరరేఖ:
రెండు మకాములైతే నాకూ అభ్యంతరం లేదు, ఒక్క షరతు మీద: మూడు రాత్రులు, నాలుగు రాత్రులుగా విడగొట్టేటప్పుడు నాలుగు ఎటు వేయాలి? సాగరిక గారు ఈత తీరానికి అంటారు. నేను చరియల వైపు వేస్తాను. ఈతకు ఏ పూటైనా దొరుకుతుంది, పగటి ఆటు చాలా రోజుల్లో ఒకటే, అదీ వాన లేకపోతేనే.

సాగరిక:
పిల్లవాడు చరియ కింద బండల మీద నాలుగు రోజులు నడవడు, తీరరేఖ గారూ. పెద్దవారు ఆ మెట్లు రోజూ దిగి ఎక్కలేరు. నాలుగు ఈత తీరానికే. చరియల నడకకు ఇద్దరు వెళ్తే ఇద్దరు ఇసుక మీద ఉంటారు, 30 కిలోమీటర్ల దూరానికి అది కుదురుతుంది.