పూర్ణాంకం, పూర్ణసంఖ్య, పరిపూర్ణ సంఖ్య: మూడూ ఒకటేనా?

దేవరకొండ నుంచి: 3,35,50,336ను ఒకచోట పూర్ణాంకం అన్నరు, ఇంకోచోట పరిపూర్ణ సంఖ్య అన్నరు. ‘పరి’ చేరితే అర్థమేం మారుతది? ఏది రాయాలె?

నల్లగొండ నుంచి: రెండూ రైటే అన్నా, కానీ ఒకదాని బదులు ఇంకోటి రాయొద్దు. మన బడి లెక్కల్ల 0, 1, 2, 3... పూర్ణాంకాలు. వాటికి -1, -2 లాంటి ఋణసంఖ్యలు కలిపితే పూర్ణసంఖ్యలు. ఇక్కడ ‘పూర్ణ’ అంటే ముక్క కానిది, భిన్నం లేనిది అని. పరిపూర్ణంల సంగతి వేరు. తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే సరిగ్గ తనే రావాలె. 6కు 1+2+3. 28కి 1+2+4+7+14. కూడిక తగ్గొద్దు, మించొద్దు. ఆ నిండుదనాన్నే ‘పరి’ చెప్తది.

మహబూబ్‌నగర్ నుంచి: ఇంత పెద్దదానికి కారణాంకాలు ఒక్కొక్కటి ఏరాల్సిన పని లేదు. సగం చేసుకుంట పోండి: 1,67,75,168, తర్వాత 83,87,584... పన్నెండోసారికి 8,191 దగ్గర ఆగుతది, అది బేసి. అంటే సంఖ్య 4,096 × 8,191. ఇక 8,191 ప్రధాన సంఖ్యనా అన్నదే అసలు పరీక్ష. దాని వర్గమూలం 90 దాటి కొంచెం, అందుకని 90 లోపు ప్రధాన సంఖ్యలతోనే చూస్తే చాలు. అవి కూడా అన్నీ అక్కర్లేదు. 8,191 అంటే 2¹³-1 కాబట్టి, దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 26తో భాగిస్తే 1 మిగిలేదే అయి ఉండాలె. 90 లోపల అట్లాంటివి 53, 79 రెండే. 53తో 29 మిగులుతది, 79తో 54. కాబట్టి ప్రధానమే. ఇప్పుడు తనతో కలిపి కారణాంకాలన్నిటి మొత్తం (1+2+4+...+4,096) × (1+8,191), అంటే 8,191 × 8,192 = 6,71,00,672, సంఖ్యకు సరిగ్గ రెట్టింపు. అందుల తనను తీసేస్తే మిగిలేది తనే. అంటే సంఖ్య పరిపూర్ణం.

దేవరకొండ నుంచి: మరి దీనికి వర్గమూలం కూడా సరిగ్గ రావాలె కదా సార్?

సూర్యాపేట నుంచి: రాదు. అది ‘పరిపూర్ణ వర్గం’, మాట కలిసినందుకే ఈ తిప్పలు. 5,792 వర్గం 3,35,47,264. 5,793 వర్గం 3,35,58,849. మన సంఖ్య ఆ నడుమ ఉన్నది. ప్రధాన కారణాంకాల్ల 8,191 ఒక్కసారే వచ్చింది, జత లేదు, అక్కడే తేలిపోతది. ‘ఖచ్చిత వర్గం’ అని రాస్తే పిల్లలు తడబడరని నా అభిప్రాయం.

నల్లగొండ నుంచి: ఆ మాటే మేలు. ఇంకొకటి, ప్రధానమా కాదా చూడకుంట ఈ సూత్రం వాడొద్దు. 1,024 × 2,047 కూడా చూడనీకె అదే అచ్చు. కానీ 2,047 = 23 × 89. అందుకే 20,96,128కి మిగతా కారణాంకాలు కూడితే 23,25,392 వస్తది, సంఖ్యనే దాటిపోతది.