బెంజాల్డిహైడ్ సీసా మూతకి తెల్లగా పేరుకుంది, వాడొచ్చా?

వాల్తేరు_బీకరు: ఎమ్మెస్సీ ఆఖరు ఏడాది, చాల్కోన్ (బెంజాల్డిహైడ్, ఎసిటోఫినోన్ కలిపి చేసే పసుప్పచ్చ పదార్థం) మీద ప్రాజెక్టు. సీనియర్లు వదిలేసిన 500 మి.లీ. బెంజాల్డిహైడ్ సీసా దొరికింది, లేబుల్ మీద 99 శాతం అనే ఉంది. మూత మరలో తెల్లగా ఏదో గడ్డకట్టేసి, గుడ్డ పట్టుకుని తిప్పితే గానీ రాలేదు. బాదం వాసన మాత్రం గుప్పుమంటోంది. ఎసిటోఫినోన్, సోడియం హైడ్రాక్సైడ్‌తో మూడుసార్లు చేశాను, చాల్కోన్ చెంచాడు కూడా రాలేదు. "సముద్రం గాలికి చెమ్మ పట్టేసుంటుంది, సిలికా జెల్ పెట్టు" అన్నారు మా మేడం. కొత్త సీసాకి హెచ్చోడీ సంతకం కావాలి, అదో వారం. ఏం చెయ్యమంటారు?

పరవాడ_రియాక్టరు: వైజాగ్‌లో ఏది పాడైనా సముద్రం మీదకి తోసేస్తాం గానీ తమ్ముడూ, ఇది తేమ పని కాదు, ఆక్సిజన్ పని. గాలి తగిలిన బెంజాల్డిహైడ్ బెంజోయిక్ యాసిడ్ అయిపోతుంది. ఆ తెలుపు గీకి, నీళ్లతో కడిగి, ఆరాక మెల్టింగ్ పాయింట్ చూడు. 122 దగ్గర కరిగితే అదే. నువ్వు వేసిన సోడియం హైడ్రాక్సైడ్‌ని ముందు ఆ యాసిడ్డే మింగేస్తోంది. 99 శాతం అన్నది సీలు వేసిన నాటి మాట.

పారబోయకు. ఓ 50 మి.లీ. తీసి, సెపరేటింగ్ ఫన్నెల్‌లో (పొరలు విడదీసే, కింద కుళాయి ఉన్న గరాటు) సోడియం బైకార్బొనేట్ నీళ్లతో నురగ ఆగేదాకా కడుగు. ఒక్కసారి కుదపగానే తిరగేసి స్టాప్‌కాక్, అదే ఆ కుళాయి, తెరిచి గ్యాస్ వదిలెయ్. నేనోసారి కబుర్లలో పడి మర్చిపోతే బిరడా ఎగిరి, రెండ్రోజులు నా చొక్కా బాదం హల్వా కొట్టు. సాంద్రత 1.04, నీళ్లకి బాగా దగ్గర, పొరలు తొందరగా విడవవు. ఏది ఏదో తేలకపోతే ఓ చుక్క నీళ్లు వేసి ఎందులో కలుస్తుందో చూడు. తర్వాత మెగ్నీషియం సల్ఫేట్ మీద ఆరబెట్టి వాక్యూమ్‌లో డిస్టిల్ చెయ్. మామూలుగా 178 డిగ్రీలు కావాలి, 10 మి.మీ. పీడనంలో 62కే వచ్చేస్తుంది.

వాల్తేరు_బీకరు: మా వాక్యూమ్ పంపు నూనె కక్కుతోంది అన్నా.

పాత_ల్యాబు_అక్క: చాల్కోన్‌కి కడిగి ఆరబెట్టింది చాలు బాబూ, ఆ రోజే వాడెయ్యి. మిగిలింది చిన్న గోధుమరంగు సీసాల్లో మెడ దాకా నింపి, నైట్రోజన్ ఊది మూత బిగించు. సగం ఖాళీ సీసా అంటే సగం గాలి. తెరిచిన తేదీ కూడా రాసిపెట్టు.

వాల్తేరు_బీకరు: గీకింది 121లో కరిగింది! కడిగిన దానితో చేస్తే మొదట నూనెలా తేలి భయపెట్టింది, ఐసులో పెట్టి గాజుకడ్డీతో బీకరు గోడ గీకితే పసుప్పచ్చగా గడ్డకట్టింది. ఆల్కహాల్‌లో రీక్రిస్టలైజ్ చేశాక (వేడిగా కరిగించి, చల్లార్చి మళ్లీ స్ఫటికాలు కట్టించాక) 55–57లో కరిగింది, చాల్కోనే. ఇక మేడంకి చెప్పడమే మిగిలింది. సీసా పక్కన సిలికా జెల్ ఇంకా అలాగే ఉంది.