ఎల్‌ఎల్‌బీ లేకుండా లా పీహెచ్‌డీ: బెంగళూరులో ఎవరికైనా సీటు వచ్చిందా?

నాది ఎంఏ ఎకనామిక్స్, 61 శాతం. బెంగళూరులో ఉద్యోగం. కంపెనీల మధ్య పోటీ దెబ్బతినకుండా చూసే 2002 నాటి కాంపిటీషన్ చట్టం కింద ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీల మీద వచ్చే కేసుల్లో మార్కెట్ పరిధిని ఎలా తేలుస్తున్నారన్నది నా అంశం. సగం ఎకనామిక్సే, అయినా లా విభాగంలోనే చేయాలని ఉంది.

పీహెచ్‌డీల మీద యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నిబంధనలు చదివాను. పీజీలో 55 శాతం ఉండాలన్నారు తప్ప ఫలానా సబ్జెక్టే ఉండాలని నాకైతే కనిపించలేదు. ఆఫీసు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తే పార్ట్‌టైమ్‌కూ వీలుంది. తీరా ఇక్కడ ఒక యూనివర్సిటీకి ఫోన్ చేస్తే, ఎల్‌ఎల్‌ఎం (లా పీజీ) ఉందా అని అడిగి, లేదనగానే పెట్టేశారు. ఇంకోచోట మెయిల్ పెడితే "నోటిఫికేషన్ చూడండి" అని ఒక్క ముక్క జవాబు. చూశాను, సంబంధిత సబ్జెక్టులో పీజీ కావాలట. ఎకనామిక్స్ అందులోకి వస్తుందో రాదో చెప్పే నాథుడు లేడు.

మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, ఆపైన ఎల్‌ఎల్‌ఎం అంటే నాలుగైదేళ్లు. ఆ సలహా మాత్రం వద్దండీ, ఇంట్లో రోజూ వింటున్నాను.

లా డిగ్రీ ఏదీ లేకుండా, వేరే పీజీతో బెంగళూరులో లా విభాగంలో పీహెచ్‌డీ సీటు తెచ్చుకున్నవాళ్లు ఉంటే, ఏ యూనివర్సిటీలో వచ్చిందో చెప్పగలరా?