ఏడు పెంకులాటలో మావాణ్ణి ఎవరూ కలుపుకోవడం లేదు

పర్లాకిమిడి అమ్మ:
మా బాబుకి ఏడేళ్లు, రెండో తరగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మాటలకేం లోటు లేదు, నౌపడా నుంచి గుణుపురం దాకా రైలు స్టేషన్లన్నీ వరసగా అప్పజెప్తాడు. తోటి పిల్లలతోనే చిక్కు. సాయంత్రం వీధిలో ఏడు పెంకులాట మొదలవగానే వెళ్లి గోడ పక్కన నిలబడతాడు. అక్కణ్ణించే "బంతి నీకు తగిలింది, నువ్వు ఔట్" అని తీర్పులు! వాడు చెప్పేది నిజమే, గొడవంతా అదే. నిన్న ఒకడు "తు జా" (నువ్వు పో) అని తరిమేశాడు. ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మంచం కింద దూరాడు. "వాళ్ల నాన్నా అంతే, పెద్దయితే సర్దుకుంటాడు" అంటారు అత్తగారు. వాళ్ల నాన్న ఇప్పటికీ పెళ్లిళ్లలో ఓ మూల చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆ మాట అత్తగారితో అనలేను కదా! ఏం చేయమంటారు?

గుణుపురం మావయ్య:
టెన్షన్ పడకమ్మా. రెండ్రోజులు ఫోన్ దాచేయి, వాడే వీధిలోకి పరిగెడతాడు.

రాయగడ టీచరమ్మ:
మావయ్యగారూ, బాబు వీధిలోకి వెళ్తూనే ఉన్నాడండీ, ఆటలోకే రానివ్వడం లేదు.
అమ్మా, మా చిన్నదీ ఇంతే. "ము బి ఖేళిబి" (నేనూ ఆడతా) అని అడగమని నేర్పాను. అడిగిన ప్రతిసారీ "నా" (వద్దు) అన్నారు. అడిగితే కాదనడం పిల్లలకు సులువు. అందుకని అడగడం మానిపించాను. కాసేపు చూడాలి, బంతి కాలవ వైపు పోతే పరిగెత్తి తెచ్చివ్వాలి, ఔట్ల జోలికి పోకూడదు. నాలుగో రోజుకి ఎవరో "ఇటు రా, మా వైపు" అన్నారు.
ముందుగా వీధంతా వద్దు. ఒక్క పిల్లాణ్ణి ఇంటికి పిలవండి, గంట చాలు, గొడవ రాకముందే పంపేయండి.
చెవులు కూడా చూపించండి. మా తరగతిలో ఒకణ్ణి మొండివాడనుకున్నాం, పాపం వాడికి సరిగా వినపడదు. బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్లు 18 ఏళ్ల లోపు పిల్లల్ని ఉచితంగానే చూస్తారు. అవసరమనుకుంటే జిల్లా స్థాయిలో ఇలాంటి పిల్లల్ని చూసే కేంద్రం డీఈఐసీకి రాసిస్తారు.

పర్లాకిమిడి అమ్మ:
చెవుల సంగతి నాకు తోచనే లేదు టీచరమ్మా. పిలిస్తే ఒక్కోసారి పలకడు, రైళ్ల ధ్యాసనుకున్నాను. శనివారం ఎదురింటి పిల్లాణ్ణి పిలుస్తున్నాను, బొరుగుల మిక్చర్ చేస్తాను. ఆ గంటైనా తీర్పులు చెప్పకుండా ఉంటాడంటారా?

రాయగడ టీచరమ్మ:
చెప్తాడు. ఆ పూట పెంకులూ వద్దు, లూడో కూడా వద్దు. ఇసకలో రైలు పట్టాలు వేసుకోమనండి. అందులో ఔట్ ఉండదు.