బట్టలు బాగున్నాయని షేర్లు కొనొచ్చా?

వెన్నెలతోట:
మూడేళ్లుగా ఒకే షాపులో బట్టలు కొంటున్నాను. కుట్టు గట్టిగా ఉంటుంది, ఎన్నిసార్లు ఉతికినా రంగు దిగలేదు, ట్రయల్ రూమ్ దగ్గర ఎప్పుడు చూసినా క్యూ. ఆ కంపెనీ స్టాక్ మార్కెట్లో ఉందని మొన్ననే తెలిసింది. దాచుకున్న డబ్బులో కొంత పెడదామనుకుంటున్నాను. అమెరికాలో పేరున్న ఫండ్ మేనేజర్ పీటర్ లించ్ కూడా భార్య సూపర్‌మార్కెట్లో కొన్న లెగ్స్ బ్రాండ్ మేజోళ్లు చూసే కదా హేన్స్ కంపెనీ షేర్లు కొన్నది?

బ్యాలెన్స్‌షీట్:
ఆ కథ అందరూ సగమే చెప్తారండీ. పోటీ బ్రాండ్ మేజోళ్లు మార్కెట్లోకి వస్తే ఆయన వాటిని డజన్ల కొద్దీ కొని, ఆఫీసులో వాళ్లకు పంచి, ఎలా ఉన్నాయో కనుక్కున్నాడు. మేజోళ్లు నచ్చడం దగ్గర ఆయన ఆగిపోలేదు. ఇంకో సంగతి. 2018 మార్చి నాటికి స్వీడన్ బట్టల కంపెనీ హెచ్ అండ్ ఎమ్ దగ్గర పేరుకుపోయిన సరుకు విలువ 400 కోట్ల డాలర్లు దాటింది. షాపుకెళ్లిన మనకు గోడౌన్ కనిపిస్తుందా?

దారిన పోయేవాడు:
అమెరికా బట్టల షాపు ఫరెవర్ 21లో జనం లేరా? 2019లో దివాలా పిటిషన్ వేసింది.

వెన్నెలతోట:
అది స్టాక్ మార్కెట్లో ఉన్న కంపెనీయే కాదు. నేను చెప్పిన క్యూకి ఎవరూ జవాబివ్వడం లేదు.

బ్యాలెన్స్‌షీట్:
ట్రయల్ రూమ్ క్యూ లెక్కలోకి రాదు. నాలుగు గదుల్లో ఒకటే తెరిస్తే ఎవరికైనా క్యూ ఉంటుంది. బిల్లింగ్ దగ్గర నిలబడి చూడండి.

వెన్నెలతోట:
నాలుగూ తెరిచే ఉంటాయి. బిల్లింగ్ దగ్గరా క్యూయే.

పాత సేల్స్‌మాన్:
ఆరేళ్లు బట్టల షాపులో పనిచేశాను. అక్కా, క్యూ వదిలేసి ధర ట్యాగ్ చూడండి. అసలు ధర మీద ఒక ఎర్ర స్టిక్కర్, దాని మీద ఇంకొకటి. గోటితో గీకితే పొరలు లేస్తాయి. మూడు పొరలు పడ్డాయంటే ఆ సరుకు ఎలాగైనా వదిలించుకోవాలని పైనుంచి ఒత్తిడి వచ్చినట్టే. మా షాపులో స్టిక్కర్లు మందమైన ఏడాదే మా జీతాలు ఆలస్యం కావడం మొదలైంది. షాపులో జనం మాత్రం అప్పుడే ఎక్కువ.

బ్యాలెన్స్‌షీట్:
నేను చెప్పేదీ అదే. షాపింగ్ మోజుకి పెట్టుబడి అని పేరు పెట్టకండి.

వెన్నెలతోట:
మోజా? పాతికేళ్లుగా ఇంటిల్లిపాదికీ బట్టలు కొనేది నేను. గుడ్డ వేళ్ల మధ్య పట్టుకుంటే అందులో పాలిస్టర్ కలిసిందో లేదో చెప్తాను. మీ కాగితాల్లో ఉన్నదే తెలివి, మా చేతుల్లో ఉన్నది మోజా?

బ్యాలెన్స్‌షీట్:
ఆ మాట తప్పే, క్షమించండి. కానీ నా బాధ కూడా వినండి. నా దగ్గర ఒక బట్టల కంపెనీ షేర్లు ఉండేవి. "గుడ్డ పలచబడింది, అమ్మేయండి" అంది నా భార్య. లాభం పెరిగిందని రిపోర్టు చూపించి ఆమె నోరు మూయించాను. ఏడాదిన్నరలో పెట్టిన డబ్బు సగమైంది.

వెన్నెలతోట:
మరి నేను చెప్పేదే నిజమని మీ ఇంట్లోనే తేలిందిగా! పలచబడితే తెలిసే చేతికి గట్టిగా ఉంటే తెలియదా?

బ్యాలెన్స్‌షీట్:
తెలుస్తుంది. మనకు తేడా వచ్చేది ఇక్కడే అనుకుంటా. మంచి గుడ్డ తక్కువ ధరకు ఇస్తే కొనేవాళ్లకు మేలు. ఆ మేలు షేరు ఉన్నవాడి లాభంలోంచే పోతుండొచ్చు. గుడ్డ పలచబరిచిన మొదటి ఏడాది నా కంపెనీకి లాభం పెరిగింది కూడా! మీరు చూస్తున్నది కొనేవాళ్ల వైపు నుంచే.

వెన్నెలతోట:
కొనేవాళ్లకు మేలు చేయని షాపు ఎన్నాళ్లు నిలుస్తుంది?

బ్యాలెన్స్‌షీట్:
ఎన్నాళ్లో ముందే తెలిస్తే నేను నష్టపోయేవాణ్ని కాదు. కొత్త షాపులు తెరిచి మొత్తం అమ్మకాలు పెంచి చూపించొచ్చు. పాత షాపుల్లో అమ్మకాలు పెరుగుతున్నాయా? అమ్మకాల కంటే నిల్వ సరుకు వేగంగా పెరుగుతోందా? వార్షిక నివేదికలో ఈ రెండూ చూసి చెప్పండి.

వెన్నెలతోట:
రాత్రి కూర్చుని చదివాను. పాత షాపుల్లో అమ్మకాలు పెరిగాయి. నిల్వ సరుకు అంతకంటే ఎక్కువ పెరిగింది. ఈసారి వెళ్లినప్పుడు స్టిక్కర్లు గీకి చూస్తాను. కొనను అని మాత్రం అనడం లేదు.